సుంకి ఘాటీ ఎక్కే ఆటోమేటిక్ బండికి గేర్‌బాక్స్ టెంపరేచర్ మీటరు: సెన్సార్ ఎక్కడ పెట్టించాలి?

జయపురం బండి:
అందరికీ నమస్కారం. మాది జయపురం, విశాఖపట్నం వెళ్లివస్తుంటాం. బండి డీజిల్, టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఉన్న ఆటోమేటిక్. తిరిగొచ్చేటప్పుడు సాలూరు దాటాక ఫుల్ లోడుతో లారీల వెనక నెమ్మదిగా సుంకి ఘాటీ (కొండ దారి) ఎక్కుతుంటే గేర్ మారినప్పుడల్లా జర్కు ఇస్తోంది. పైకి చేరాక కాలిన ఆయిల్ వాసన. ఇంజిన్ టెంపరేచర్ ముల్లు మాత్రం మధ్యలోంచి కదలదు. పిల్లలతో వెళ్తాం కాబట్టి టెన్షన్‌గా ఉంది. గేర్‌బాక్స్‌కి విడిగా మీటరు ఎవరైనా పెట్టించారా?

కోరాపుట్ వాసి:
ఇంజిన్ ముల్లు చూపించేది కూలెంట్ వేడి. గేర్‌బాక్స్ ఆయిల్ ఎంత కాగిందో దాన్నిబట్టి తెలియదు. మీ బండి టార్క్ కన్వర్టర్ కాబట్టి మీటరు పనికొస్తుంది. ఇది చదివి ఏఎంటీ (మామూలు క్లచ్, గేర్లనే బండి తనంతట తాను మార్చుకునే రకం) బండ్లవాళ్లు కొనకండి. వాటిలో వేడెక్కేది క్లచ్ ప్లేటు, ఆ వేడి ఈ మీటరుకు అందదు.

రాయగడ గ్యారేజ్:
అన్నా, మీటరు కంటే ముందు గేర్‌బాక్స్ ఆయిల్ చూడండి. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేయండి. ముదురు గోధుమ రంగులో ఉండి మాడు వాసన వస్తే మార్చాల్సిందే.

ఇక సెన్సార్. ఆయిల్‌ని చల్లబరిచే కూలర్‌కి వెళ్లే పైపులో పెడితే కన్వర్టర్ నుంచి అప్పుడే వచ్చిన ఆయిల్ వేడి కనిపిస్తుంది. ఘాటీలో అంకె గబగబా పెరుగుతుంది, దిగుతుంది. గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్‌లో పెడితే గేర్‌బాక్స్ మొత్తానికి అందుతున్న ఆయిల్ వేడి తెలుస్తుంది. నేను చాంబర్‌కే ఓటేస్తాను. మామూలుగా 80 నుంచి 95 డిగ్రీలు ఉంటుంది. 120 దాటి అలాగే నిలబడితే ఆయిల్ త్వరగా పాడవుతుంది, సీళ్లు గట్టిపడతాయి.

చాంబర్ విప్పి, బయట పెట్టి, పక్క గోడకు సెన్సార్ బిగించే బుష్ వెల్డింగ్ చేయించండి. కింద పెడితే మన రోడ్ల మీద రాయి తగిలి సెన్సార్ ఊడుతుంది. లోపల ఫిల్టర్‌కి తగలకుండా కొలత చూసుకోవాలి. ఇనుప రజను ఒక్క పలుకు కూడా మిగలకూడదు. గాస్కెట్ కొత్తది వేయండి. డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్స్ అయితే, కంపెనీ చెప్పిన వేడి దగ్గర ఇంజిన్ నడుస్తుండగానే లెవెల్ చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూస్తే తప్పు వస్తుంది.

పర్లాకిమిడి:
వారంటీలో ఉన్న బండికి బుష్ కొట్టించకండి. ముందు ఓబీడీ బ్లూటూత్ అడాప్టర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలు ఫోన్ యాప్‌లో చూపించే ప్లగ్) పెట్టి చూడండి. చాలా బండ్లలో గేర్‌బాక్స్ సెన్సార్ లోపల ఉండనే ఉంటుంది. అయితే కూలెంట్ అంకెలా ఇది అన్ని బండ్లకూ ఒకే కోడ్‌తో రాదు. మీ మోడల్ కోడ్ యాప్‌లో విడిగా ఎక్కించాలి.

జయపురం బండి:
వారంటీ అయిపోయింది. యాప్‌లో మా మోడల్‌కి ఏమీ రాలేదు. ఆయిల్ చుక్క దాదాపు నల్లగా ఉంది. మార్పించి, చాంబర్ పక్కన సెన్సార్ పెట్టించాను. మొదట ముల్లు తడబడింది. సింగిల్ వైరు సెన్సార్‌కి మరకు టెఫ్లాన్ టేపు మందంగా చుట్టేశారు, దాంతో మర ద్వారా రావాల్సిన ఎర్త్ సరిగ్గా అందలేదట. టేపు తీసి సీలెంట్ పల్చగా రాశారు, నిలబడింది.

రాయగడ గ్యారేజ్:
మంచిది. సెన్సార్, మీటరు ఒకే సెట్‌లోవి అయి ఉండాలి. వేర్వేరు కంపెనీలవి కలిపితే అంకె తప్పుతుంది. కరెంటు ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడే వచ్చే ఫ్యూజు నుంచి తీసుకోండి, నేరుగా బ్యాటరీ నుంచి వద్దు.

జయపురం బండి:
అలాగే ఇచ్చారు. నిన్న ఘాటీలో లారీ వెనక 112 వరకు పోయింది. మాన్యువల్ మోడ్‌లో సెకండ్ గేర్ పట్టి, లారీకి దూరం వదిలి ఆగకుండా ఎక్కితే 104కి దిగింది. జర్కు లేదు. 120 దాటితే ఇంజిన్ ఆపేయాలా?

కోరాపుట్ వాసి:
ఆపకండి. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది, ఆయిల్ కూలర్‌కి పోదు. వెడల్పు ఉన్న చోట పక్కకి తీసి, హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్‌లో కొద్దిగా రేస్ ఇస్తూ ఉండండి. 95కి వచ్చాక బయలుదేరండి.