‘పసితనాన’ అన్నాడా, ‘పసితనమున’ అన్నాడా?

ముక్తపదం: అమెరికన్ రాక్ బృందం టూల్ 2001లో తెచ్చిన ‘లాటరాలస్’లో ఆల్బమ్ పేరే ఉన్న పాట మొదలును ఒక మిత్రుడు ఎప్పుడో తెలుగు చేసి వినిపించాడు. “రే / పో / తెలి / వెలుగు” వరకు చెవిలో ఉండిపోయింది. అయిదో పాదం ‘పసితనాన’నా, ‘పసితనమున’నా? అడిగితే ఆయనకే గుర్తు లేదట. పాదాల అక్షరాల లెక్క 1, 1, 2, 3, 5, 8 (ముందు రెండూ కూడితే తర్వాతది) కాబట్టి ‘పసితనమున’ అంటే ఒక అక్షరం ఎక్కువ. కానీ నాకు వినిపిస్తున్నది అదే.

గురులఘువు: ‘పసితనాన’. ఆ పాటను తెలుగు చేయడానికి కూర్చున్నవాడు అయిదు ఉండాల్సిన చోట ఆరు పెట్టడు. నా అభ్యంతరం ‘రే’ మీద. మూలంలో తొలి మాట నలుపు. ‘రేరాజు’లో సరే, ఒంటరి ‘రే’ నిలుస్తుందా?

వెన్నెలపిట్ట: ఎందుకు నిలవదు? ‘రేలు’ అనే బహువచనం ఉండనే ఉంది. మాటలు అచ్చుతో ముగిసే మన అజంత భాషలో ఒక్క అక్షరంతో రాత్రిని పిలవగలిగాడంటే ఆ మిత్రుడికి దండం పెట్టాలి. నాకు నచ్చనిది ‘పో’. మూలంలో ఉన్నది ‘తర్వాత’ అనే అర్థం, పొమ్మనడం కాదు. పైగా కలిపి చదివితే ‘రేపో’ అయిపోతుంది. ‘పై’ అని ఉండాలి.

ముక్తపదం: ‘పో’ అనే విన్నాను. అందులో అనుమానం లేదు.

మాత్రాబద్ధం: గురులఘువు గారూ, అక్షరాలు లెక్కపెట్టి మాత్రలు వదిలేశారు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు కదా. ‘పసితనాన’ ఆరు మాత్రలు, ‘పసితనమున’ ఆరు, ‘శైశవమున’ కూడా ఆరే. మన చెవికి మూడూ ఒకే తూకం. ముక్తపదం గారికి తేడా తెలియకపోవడం అందుకే. ఇంకో సంగతి. ఈ శ్రేణికి పేరైన ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచ్చి 1202లో పుస్తకం రాయడానికి ముందే మన ఛందశ్శాస్త్రకారులు విరహాంకుడు, హేమచంద్రుడు ఈ సంఖ్యలను మాత్రాఛందస్సులోనే పట్టుకున్నారు. లఘుగురువులతో ఆరు మాత్రలు నింపే దారులు 13. మన మూడు మాటలూ ఆ పదమూడులోవే. పాటలో అక్షరాల మెట్లు ఎక్కి ఆగే శిఖరం కూడా 13!

గురులఘువు: మాత్రల లెక్కకు వస్తే ‘రే’, ‘పో’, ‘తెలి’ మూడూ రెండేసి మాత్రలు. అప్పుడు 1, 1, 2 ఎక్కడిది? పాట అక్షరాలతోనే నడుస్తుంది.

ద్విపద: పల్లవి 9, 8, 7 దెబ్బల వరుస. పాటకు మొదట అనుకున్న పేరే అది, 987 కూడా ఆ శ్రేణిలోని సంఖ్యే. ఆ ఏడు దగ్గరికి రాగానే నాకు గురజాడ గుర్తొస్తారు. మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలుగా సాగే ముత్యాలసరం నడక అదే కదా. 1910లోనే ఆయన తెలుగు పద్యాన్ని పాత వృత్తాల కట్టు నుంచి తప్పించి అడుగుల చప్పుడు మీద నడిపించారు. ఆ సాహసం గురించి ఎంత చెప్పినా తక్కువే.

మాత్రాబద్ధం: ముత్యాలసరంలో నాలుగో పాదం కురచ కావడమే అసలు అందం అంటాను.

ముక్తపదం: నన్నడిగితే ఆ ఆల్బమ్ గొప్పతనం లెక్కలో లేదు. 79 నిమిషాల్లో నేను మళ్లీ మళ్లీ వెళ్లేది ఆ అయిదో పాదానికే. అంతవరకు ఒక్కొక్క మాటా విడివిడిగా, మధ్య మధ్య మౌనంతో పడుతుంది. అక్కడ మాత్రం గొంతు మొదటిసారి ఒక పూర్తి వాక్యం పట్టేంత ఊపిరి తీసుకుంటుంది. పసిబిడ్డ మాటలు కూడబలుక్కున్నట్టు ఉంటుంది. నిన్న రాత్రి వింటూ బల్ల మీద వేళ్లతో కొట్టి చూశాను. ‘ము’ దగ్గర వేలు ఒక్కటి మిగిలిపోయింది. అయినా ‘పసితనాన’ అనబుద్ధి కావడం లేదు.

గురులఘువు: మరి ఎనిమిది అక్షరాల పాదం? ఎరుపు, పసుపు అనే రెండు రంగులకే ఆరు పోతాయి.

వెన్నెలపిట్ట: మిగిలిన రెండూ ‘పుట్టె’ అయి ఉంటుంది.

గురులఘువు: ‘వచ్చె’.