అప్‌డేట్: బాబును పల్లెటూరి ప్రెప్ స్కూల్లో చేర్చాం

పోయిన వేసవిలో మిమ్మల్ని ఒక సలహా అడిగాను. ఇంగ్లాండులో, డోర్సెట్ పొలాల మధ్య ఉన్న ప్రైవేటు ప్రెప్ స్కూల్లో (పదమూడేళ్ల లోపు పిల్లల బడి) మా ఎనిమిదేళ్ల బాబును ఇయర్ 4లో చేర్చాలా, తెలుగు పిల్లలు ఒక్కరూ లేని చోట ఒంటరివాడైపోతాడా అని. చేర్చాం. రెండు టర్ములు గడిచాయి.

మొదటి మూడు వారాలు రోజూ కారులో ఏడుపే. శాకాహారమని ఫారంలో రాసినా రెండుసార్లు చికెన్ గ్రేవీ వడ్డించారు. వెళ్లి మాట్లాడాక వంటావిడే వచ్చి క్షమించమంది. అప్పటినుంచి వాడి ప్లేటు విడిగా తీసి పెడుతోంది.

బుధవారం మ్యాచ్‌లతో వాడు మారాడు. ఆట రాకపోయినా ఏదో ఒక టీములో ఆడిస్తారు. ఆట అయ్యాక రెండు స్కూళ్ల పిల్లలూ కలిసి కూర్చుని తింటారు. తలుపు పక్కన వరసగా బురద బూట్లు, ఒక్కో జత మీద ఒక్కో పేరు. మావాడి పేరులో అక్షరం తప్పు పడితే, పక్క బూట్ల పిల్లాడే మార్కర్‌తో దిద్దాడట. అది విని నాకు కళ్లు చెమర్చాయి.

శనివారం పొద్దున కూడా క్లాసులే, అందుకే తెలుగు బడి మానేశాడు. అది బాధగానే ఉంది. అమ్మమ్మ వీడియో కాల్‌లో రోజూ అరగంట చదివిస్తోంది. ఫీజు టెన్షన్ మాత్రం తగ్గలేదు. 2025 జనవరి నుంచి దాని మీద 20 శాతం వ్యాట్ కూడా ఉంది కదా. పెద్ద ప్రైవేటు స్కూళ్లలో చేరడానికి పదమూడేళ్లకు రాసే కామన్ ఎంట్రన్స్ పరీక్ష దాకా ఉంచగలమో లేదో ఏటా లెక్క చూసుకోవాలి.

పోయిన ఆదివారం వాళ్ల క్లాసు అమ్మాయి ఇంట్లో గొర్రెపిల్లకు సీసాతో పాలు పట్టాడు. ఆ స్వెటర్ ఉతకనివ్వడం లేదు.