డిఫెన్స్ దెబ్బతిన్న జట్టు మొదటి ఐదుగురిని మార్చవలసిందేనా?

అలిపిరి వాసి, తిరుపతి:
ఆదివారం ఉదయం ఆట ముగించుకుని టీ తాగుతుండగా మొదలైన వాదన అక్కడ తెగలేదు కనుక ఇక్కడ పెడుతున్నాను. ఒక ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టు పాయింట్లు బాగానే చేస్తూ, అంతకంటే ఎక్కువ సమర్పించుకుని వరుసగా ఓడిపోతున్నదనుకుందాం. డిఫెన్స్ చేతకాని స్కోరర్‌ను బెంచి మీద కూర్చోబెట్టి, అతని స్థానంలో గట్టిగా కాపలా కాసేవాడిని దించాలన్నది నా అభిప్రాయం. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ప్రత్యర్థులు బలహీనుడిని వెతికి పట్టుకుంటారు. అతను కాస్తున్న ఆటగాడి చేతనే స్క్రీన్ (దారికి అడ్డం నిలబడి కాపలావాడిని ఆపడం) పెట్టించి, తమ ఉత్తమ ఆటగాడి ఎదుటికి అతనిని రప్పిస్తారు. ఐదుగురిలో అటువంటివాడు ఒక్కడున్నా మిగిలిన నలుగురి శ్రమ వృథాయే. 2015 ఫైనల్స్‌లో (ఏడింటిలో నాలుగు గెలిచినవారిదే ట్రోఫీ) క్లీవ్‌లాండ్ చేతిలో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 2–1తో వెనుకబడినప్పుడు కోచ్ స్టీవ్ కెర్ నాలుగో ఆటలో, బెంచి నుంచి వచ్చే ఇగుడాలాను మొదటి ఐదుగురిలోకి తెచ్చారు. ఆ ఆట 103–82తో గెలిచారు, తరువాత మరొక్కటి కూడా ఓడకుండా ట్రోఫీ ఎత్తారు.

పాత సెంటర్, చిత్తూరు:
అలిపిరి వాసి గారి ఉదాహరణ వారి వాదనకే అడ్డం తిరుగుతోంది. ఆ వారియర్స్ కష్టాల్లో ఉన్న జట్టు కాదు, ఆ సీజన్‌లో 67 ఆటలు గెలిచిన జట్టు. పైగా ఇగుడాలా కోసం కెర్ పక్కన పెట్టినది బలహీన డిఫెండర్‌ను కాదు, ఆ ఏడాది లీగ్ ఉత్తమ డిఫెండర్ల జాబితాలో (ఆల్-డిఫెన్సివ్ రెండో జట్టు) చోటు దక్కిన ఏడడుగుల సెంటర్ బోగట్‌ను. రింగు దగ్గర కాపలా తగ్గిన మాట నిజమే, క్లీవ్‌లాండ్ సెంటర్ మోజ్గోవ్ ఆ ఆటలో 28 పాయింట్లు చేశాడు. అయినా పొడుగువాడు లేని వారియర్స్ వేగాన్ని అందుకోలేక, తరువాతి ఆటలో క్లీవ్‌లాండ్ కోచ్ మోజ్గోవ్‌నే దాదాపు పూర్తిగా బెంచికి పరిమితం చేయవలసి వచ్చింది. ఎదుటివారి చేత వారి బలాన్ని వారే దించుకునేలా చేసిన ఎత్తు అది. దానిని డిఫెన్స్ బాగుచేసిన కథగా చెప్పడం నాకు సమ్మతం కాదు.

నిజంగా తడబడిన జట్టు కావాలంటే 2021–22 బోస్టన్ సెల్టిక్స్‌ను చూడండి. జనవరి 6న న్యూయార్క్‌లో 25 పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకుని, చివరి క్షణంలో ఆర్‌జే బారెట్ విసిరిన బంతి బోర్డుకు తగిలి రింగులో పడడంతో ఓడారు. అప్పటికి వారి లెక్క 18 గెలుపులు, 21 ఓటములు. సీజన్ ముగిసేసరికి 51–31, అంటే మిగిలిన 43 ఆటలలో 33 గెలుపులు, పైగా లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచిన డిఫెన్స్. కోచ్ ఇమే ఉడోకా మొదటి ఐదుగురినీ అలాగే ఉంచి, ఎవరు ఎవరిని కాయాలన్నదే మార్చారు. ప్రత్యర్థి సెంటర్‌ను కాసే పని ఫార్వర్డ్ హార్ఫర్డ్‌కు అప్పగించి, సెంటర్ రాబర్ట్ విలియమ్స్‌ను మూలన నిలబడే, షాట్ అంతగా రాని ఆటగాడి మీద పెట్టారు. దానితో స్క్రీన్ ఆటలో విలియమ్స్‌ను ఇరికించడం కష్టమైంది. అవతలివాడు డ్రైవ్ చేసి రింగు వైపు దూకేసరికి, తన మనిషిని మూలనే వదిలేసి వెనుక నుంచి వచ్చి బంతిని తట్టివేసేవాడు.

ఉదయం ఆట, తిరుపతి:
సెంటర్ గారూ, ఒక సంగతి విడిచిపెట్టారు. డిసెంబరులో కోవిడ్ నిబంధనల వల్ల, గాయాల వల్ల ఆ ఐదుగురూ కలిసి ఆడిన ఆటలు తక్కువ. అందరూ కోలుకుని ఒకచోట చేరడం వల్ల వచ్చిన ఫలితాన్ని కూడా మీరు కోచ్ తెలివి ఖాతాలోనే వేస్తున్నారు.

అలిపిరి వాసి, తిరుపతి:
ఇంకొకటి కూడా ఉంది. ఫిబ్రవరిలో వారు ష్రోడర్‌ను పంపించివేసి, శాన్ ఆంటోనియో నుంచి డెరిక్ వైట్‌ను తెచ్చుకున్నారు. వైట్ బెంచి నుంచే వచ్చేవాడు గనుక మొదటి ఐదుగురు మారలేదన్న మాట సాంకేతికంగా సరే. అయితే ఆటలో నిమిషాలు మంచి డిఫెండర్‌కు దక్కాయి. నేను అడుగుతున్నదీ అదే.

పాత సెంటర్, చిత్తూరు:
ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. కాని అందరూ కోలుకున్నంత మాత్రాన ఒక జట్టు డిఫెన్స్‌లో మొదటి స్థానానికి ఎగబాకదు. వైట్ విషయంలో మాత్రం మీ మాట ఒప్పుకుంటాను.

ఇక్కడ నిబంధనను కూడా చూడాలి. మన పాఠశాలల, కళాశాలల పోటీలలో అంతర్జాతీయ నిబంధనలే అమలవుతాయి గనుక పొడుగు కుర్రవాడిని రింగు కింద నిలబెట్టి జోన్ (మనిషిని కాక చోటును కాయడం) ఆడించడం ఇక్కడ మామూలే. చిత్తూరులో నేనూ ఏళ్ల తరబడి అలాగే నిలబడ్డాను. ఎన్‌బీఏలో 2001–02 నుంచి జోన్‌ను అనుమతించినా, చేతికి అందేంత దూరంలో ఎవరినీ కాయకుండా పెయింట్‌లో, అంటే రింగు ముందు రంగు వేసిన చోట, మూడు సెకన్లకు మించి నిలబడితే టెక్నికల్ ఫౌల్ ఇచ్చి ఫ్రీ త్రో ఇస్తారు. అందుకే పొడుగువాడిని దించినంత మాత్రాన అక్కడ రింగు మూతపడదు. అతను లెక్కపెట్టుకుంటూ లోపలికీ బయటికీ కదులుతూ ఉండాలి. ఆ కదలికకు అనువైన జోడీ దొరికినప్పుడే విలియమ్స్ విలువ బయటపడింది.

స్కోరర్‌ను బెంచికి పంపే వారు మరొకటి ఆలోచించాలి. షాట్లు పడకపోతే ప్రతి రీబౌండూ అవతలివారికి పరుగు అవకాశమే. వెనక్కి పరుగెత్తుతూ చేసే డిఫెన్స్ ఎంత మంచి డిఫెండర్లున్నా సగమే నిలుస్తుంది.

ఉదయం ఆట, తిరుపతి:
మరి అదే సెల్టిక్స్ మీద 2022 ఫైనల్స్ నాలుగో ఆటలో కెర్ మళ్లీ మార్పు చేసి, సెంటర్ లూనీ స్థానంలో ఫార్వర్డ్ ఓటో పోర్టర్‌తో మొదలుపెట్టారు కదా. కర్రీ 43 పాయింట్లు చేసి 107–97తో గెలిపించిన ఆ రాత్రి, బెంచి నుంచి వచ్చిన లూనీ 11 రీబౌండ్లు తీసుకున్నాడు. సెంటర్ గారు దీనిని మార్పు ఫలించిన ఆట అంటారా, బెంచికి పంపినవాడే నిలబెట్టిన ఆట అంటారా?