పొదిలి నుంచి కొండదారులకి, ఇసుకదారులకి ఏ ఫోర్ బై ఫోర్ కొనాలి, ముందు ఏం బిగించాలి?

పొదిలి డొంక:
అన్నలకి నమస్తే. మాది పొదిలి పక్కన పల్లె, ఇన్నాళ్లూ పాత బొలెరోతోనే నెట్టుకొచ్చాం, అది టూ వీల్ డ్రైవే. మొన్న వానలకి చేనికి పోయే డొంకలో రేగడిలో దిగబడితే ట్రాక్టర్ తెచ్చి లాగాల్సొచ్చింది, ఈసారి నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే ఫోర్ బై ఫోరే కొనాలని అప్పుడే అనుకున్నా. డొంక ఒక్కటే కాదు, ఇంటోళ్లని ఎక్కించుకొని భైరవకోన, ఉదయగిరి, పెంచలకోన అన్నీ తిరిగి, ఆడాడ టెంటు వేసుకొని, వచ్చే ఎండాకాలం హిమాచల్ కొండల్లో ఉన్న స్పితి దాకా పోవాలని చాన్నాళ్ల కోరిక. మేం ఐదుగురం, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ. నాకు మారుతి జిమ్నీ నచ్చింది. యాక్సెసరీస్ షాపులో అడిగితే బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్, దిగబడితే తాడుతో లాక్కునే మోటారు వించి, ఇనుప బంపరు, పైన క్యారియర్, లైట్లు అన్నీ కలిపి మూడు లక్షలు దాటుద్దన్నారు. ఇవన్నీ నిజంగా కావాలా?

ఉదయగిరి దుర్గం:
తమ్ముడూ, ముందు సీట్లు లెక్కపెట్టుకో. జిమ్నీ నలుగురికే, మూడు డోర్ల మహీంద్రా థార్ కూడా నలుగురికే. మీరు ఐదుగురు కాబట్టి ఆ రెండూ పక్కన పెట్టెయ్. జిమ్నీ మంచి బండే, తేలిక, ఇసుకలో అంత తొందరగా కూరుకుపోదు, కానీ ట్యాంకు 40 లీటర్లే, వెనక సీటు ఎత్తి ఉంటే సామాను జాగా కూడా తక్కువ. నీకు మిగిలేది ఐదు డోర్ల థార్ రాక్స్, లేకపోతే ఫోర్స్ కంపెనీ ఐదు డోర్ల గూర్ఖా. రాక్స్‌లో ఫోర్ బై ఫోర్ కావాలంటే డీజిలే తీసుకోవాలి, పెట్రోల్ వెనక చక్రాల డ్రైవే. గూర్ఖాకి ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ రెండిటికీ డిఫరెన్షియల్ లాక్ (ఒక చక్రం ఊరికే తిరిగినా రెండోదానికి బలం అందించేది), స్నార్కెల్ (ఇంజిన్‌కి పైనుంచి గాలి అందించే గొట్టం) కంపెనీ నుంచే వస్తాయి, దారి బాగా పాడైన చోట దానికి సాటి లేదు, అయితే హైవే మీద అమ్మని కూర్చోబెట్టుకొని పొద్దస్తమానం తోలాలంటే రాక్సే సుఖం. నా ఓటు రాక్స్‌కే.

ఇక ఆ లిస్టు. బండి మోసే బరువుకి ఒక హద్దుంటుంది, మీ ఐదుగురే ఓ మూడు వందల కిలోలు అవుతారు, ఎండల్లో మనిషికి రోజుకి ఐదు లీటర్ల నీళ్లు అనుకుంటే రెండు రోజులకే 50 కిలోలు, ఆ మీద టెంటు, వంట సామాను. వించీ ఇనుప బంపరూ కలిస్తే ఓ మనిషి బరువు ముందు ఇరుసు మీద పడ్డట్టే, వాటికి స్ప్రింగులు కుంగితే మళ్లీ స్ప్రింగులు మార్చాలి, ఇది తెగే పని కాదు. ముందు అడ్డంగా పెట్టే ఇనుప గార్డు అయితే అసలు వద్దు, 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ వాటిని తీయించమని రాష్ట్రాలకి రాసింది, ఎయిర్‌బ్యాగ్ సరిగ్గా తెరుచుకోకుండా పోయే ప్రమాదం కూడా ఉంది.

కొత్తపట్నం తీరం:
వించి గురించి నాదో మాట. ఇసుకలో దిగబడితే దాని తాడు కట్టడానికి చుట్టుపక్కల చెట్టు ఉండాలిగా? రెండేళ్ల కిందట నా బండి కొత్తపట్నం దగ్గర సముద్రం ఒడ్డున కూరుకుపోయింది, ఫోర్-లో (నాలుగు చక్రాలకీ బలం పోయే తక్కువ గేరు) వేసినా, గేరు మార్చినా చక్రాలు తవ్వుకుంటూ చాసిస్ దాకా దిగాయి, అటుపక్క పోటు ఎక్కుతా ఉంది, నాకు చేతులు వణికాయి. చేపల వేటకి పోయే అన్నలు వచ్చి ముందు గాలి తియ్ అన్నారు. 32 ఉన్న గాలిని 18 పీఎస్ఐకి తగ్గించి, చక్రాల ముందు ఇసుక పారతో లాగేసి, నిదానంగా కదిలిస్తే బండి దానంతట అదే బయటికొచ్చింది. గాలి తగ్గితే టైరు నేలకి ఆనే జాగా పెరుగుద్ది, అంతే కిటుకు. ఆ గాలితో స్టీరింగ్ గట్టిగా తిప్పితే మాత్రం టైరు రిమ్ము మీంచి ఊడుద్ది, తారు ఎక్కే ముందు మళ్లీ నింపుకోవాలి. కాబట్టి ముందు కొనాల్సినవి ఒక మంచి గాలి గేజీ, 12 వోల్టుల ఎయిర్ పంపు, పార, ఇసుకలో చక్రం కింద పెట్టే రెండు పలకలు.

ఇంకోటి, బీచ్ మీద పర్మిషన్ లేకుండా తోలకూడదు, నేను ఆ రోజు చేసింది తప్పే. జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, టైరు కింద ఆ గూడు పడితే తెలియను కూడా తెలియదు. ఇసుకలో ప్రాక్టీసు ఊళ్లో అడిగి సొంత చేను ఉన్నోళ్ల దగ్గర చేసుకోండి.

కావలి షెడ్డు:
నేను పాతికేళ్లుగా బండ్ల పని చేస్తున్నా. ఈ బండ్లన్నీ పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్, ముందు చక్రాల్నీ వెనక చక్రాల్నీ వేరే వేరే వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాల, వెనకవి తక్కువ, ఫోర్ హైలో, అంటే నాలుగు చక్రాలకీ బలం పోయేటప్పుడు, ఆ తేడాకి దారి లేదు, మట్టిలో అయితే టైరు జారి సర్దుకుంటది, ఎండిన తారు మీద జారదు కాబట్టి ఆ బిగింపంతా గేర్ల మీద పడుద్ది. తారు ఎక్కగానే టూ హైకి, అంటే రెండు చక్రాల డ్రైవ్‌కి, మార్చండి.

తమ్ముడు రేగడి అన్నాడు గదా, ఆ మట్టి టైరు గాడుల్లో నిండిపోతే ఎంత ఖరీదు టైరైనా నున్నగా అయిపోద్ది. వాన ఆగినాక ఒక పూట ఎండ తగలనియ్, ముందు నడిచి చూసి అప్పుడు తోలు. మన పక్కన అసలు శత్రువు చిల్లకంప, ఆ ముల్లు టైరు పక్క గోడలో దిగితే పంచర్ కడ్డీతో ఆగదు, స్టెప్నీ మిగతా నాలుగిటితో సమాన సైజుది, గాలి నిండుగా ఉంచుకో. లాగేటప్పుడు తాడు చాసిస్‌కి ఉన్న హుక్కుకే కట్టు, వెనక ట్రాలీ తగిలించే బంతికి కట్టొద్దు, అది తెగి వస్తే ప్రాణం పోతది.

పొదిలి డొంక:
చాలా థ్యాంక్స్ అన్నలూ, సీట్ల సంగతి నాకు తట్టనే లేదు. లిఫ్ట్, వించి, బంపరు మానేస్తున్నా. దోర్నాల మీదుగా నల్లమల లోపలి మట్టి దారుల్లో తిరగొచ్చా?

ఉదయగిరి దుర్గం:
లేదు తమ్ముడూ, అది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం, తారు రోడ్డు దిగకూడదు, రాత్రిపూట గేట్లు కూడా మూసేస్తారు. శ్రీశైలానికైతే మామూలు కారే చాలు. స్పితికి మటుకు మనాలీ వైపు కాకుండా సిమ్లా, కిన్నౌర్ మీదుగా పో, ఎత్తు నిదానంగా పెరుగుద్ది, స్పితిలో ఉండే ఊరు కాజా 3,600 మీటర్ల పైనే ఉంది. అంత ఎత్తు కదా, అమ్మని ముందు డాక్టర్‌కి చూపించు.

పొదిలి డొంక:
సరే అన్నా. ఆదివారం ఒంగోలులో రాక్స్ చూడటానికి అమ్మని కూడా తీసుకుపోతా, ఎక్కి దిగడం ఆమెకి ఇబ్బంది లేకపోతేనే బుక్ చేస్తా. గాలి గేజీ రేపే కొంటా.