ఉద్యోగం వదిలి, అప్పు చేసి విదేశంలో జర్నలిజం మాస్టర్స్ చదవడం సబబేనా?

కొత్తడెస్కు: నాలుగేళ్లుగా మాతృభాషా పత్రికలో విలేకరిగా పనిచేస్తున్నాను. యూరోపియన్ యూనియన్ తోడ్పాటుతో వేర్వేరు దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే ఎరాస్మస్ ముండస్ జర్నలిజం మాస్టర్స్‌లో సీటు వచ్చింది కానీ స్కాలర్‌షిప్ రాలేదు. మొదటి ఏడాది డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో, రెండో ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లో చదవాలి. వెళ్లమంటారా?

పాతకలం: వద్దు. వార్త రాయడం తరగతి గదిలో అబ్బే విద్య కాదు. పదిహేనేళ్లు కోర్టుల చుట్టూ తిరిగి, తీర్పు ప్రతిలో ఏ పేరా ముందు చదవాలో నేర్చుకున్న నన్ను పక్కన పెట్టి, విదేశీ డిగ్రీతో నిన్న వచ్చిన వ్యక్తికి మా యాజమాన్యం డెస్క్ బాధ్యత అప్పగించింది. ఆ డిగ్రీ విలువేమిటో నేను రోజూ కళ్లారా చూస్తున్నాను.

సరిహద్దు: నేను అలాంటి కోర్సే చదివాను. తరగతి గది అంటే నల్లబల్ల ఒక్కటే కాదండీ. అమెరికాలో 1908లో మొదలైన మిస్సోరి జర్నలిజం స్కూలు విద్యార్థులు, అదే ఏడాది పుట్టిన కొలంబియా మిస్సోరియన్ అనే అసలైన పత్రికలో పనిచేస్తూ నేర్చుకుంటారు.

పాతకలం: అంటే నేర్పింది పత్రికే కదా! పైగా వారు అడిగింది ఆర్హుస్ గురించి, మిస్సోరి గురించి కాదు.

గణకుడు: స్కాలర్‌షిప్ ఉంటే నెలకు 1,400 యూరోల చొప్పున గరిష్ఠంగా 24 నెలలు ఇస్తారు, ఫీజు కూడా ఉండదు. లేకపోతే ఫీజు, రెండు దేశాల్లో ఇంటి అద్దె, రెండుసార్లు వీసా పనులు అన్నీ మీ నెత్తినే పడతాయి. అసలు ప్రశ్న ఇది.

సరిహద్దు: డబ్బు మాట నిజమే. అయినా మిస్సోరి ప్రస్తావన ఎందుకు తప్పో పాతకలం గారు చెప్పలేదు. సరే, నా అనుభవమే చెబుతాను. ఒకే ఘటనపై వార్త రాయమంటే, ఒక దేశం నుంచి వచ్చిన సహాధ్యాయి "అల్లర్లు" అని, మరొకరు "తిరుగుబాటు" అని శీర్షిక పెట్టారు. నేను ఏళ్ల తరబడి ఆలోచించకుండా వాడిన మాట పోలీసు ప్రకటనలోంచి వచ్చిందని ఆ రోజే తెలిసింది.

పాతకలం: అది తెలుసుకోవడానికి డెన్మార్క్ దాకా పోవాలా? మా పాత సబ్ ఎడిటర్ ఎర్ర సిరాతో కొట్టేసి మరీ చెప్పేవారు. అంత తెలుసుకున్న మీరు ఇప్పుడు ఎవరి కోసం రాస్తున్నారో చెప్పండి.

చదువరి: పాతకలం గారూ, కాస్త నిదానం.

సరిహద్దు: అడిగారు కనుక చెబుతాను. ఇంగ్లిష్‌లో, ఎక్కడో ఉన్న సంపాదకుడికి అర్థమయ్యేలా, నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన ప్రతి విషయానికీ ఒక పరిచయ వాక్యం తగిలించి రాస్తున్నాను. తిరిగి వచ్చాక మాతృభాషా పత్రికలో చేరాలని వెళితే, నేను జీతం ఊసెత్తక ముందే "మిమ్మల్ని మేము భరించలేం" అని పంపించారు. మీ కోపం చదువు మీద కాదు, పోయిన కుర్చీ మీద.

పాతకలం: కుర్చీ మీదే, దాచను. కానీ అందులో కూర్చున్న మనిషికి మా పాఠకుడు ఎవరో తెలియదు. నా వార్తలో అతను కొట్టేసే వాక్యం ఎప్పుడూ పాఠకుడు వెతుక్కునే వాక్యమే అవుతోంది. మీకు మీ పాఠకుడు దూరమయ్యాడు, నాకు నా పాఠకుడి మీద అధికారం పోయింది. ఈ అబ్బాయికి ఏది జరుగుతుందో నేను చెప్పలేను.

కొత్తడెస్కు: అబ్బాయిని కాదు సర్, అమ్మాయిని. సరిహద్దు గారూ, రెండో ఏడాది థీసిస్ మాతృభాషా పత్రికల మీద రాయవచ్చా?

సరిహద్దు: మార్గదర్శి ఒప్పుకుంటే రాయవచ్చమ్మా. అయితే రాసేది ఇంగ్లిష్‌లోనే.

గణకుడు: ఫీజు మొదటి వాయిదా గడువు ఎప్పుడో ముందు చూసుకోండి.