ఈదురుగాలికి పడవలో పిల్లులు వాంతులు

ప్రశ్న: ఒడిశా తీరంలో గోపాలపూర్ వైపు తెరచాప పడవలోనే ఉంటున్నాం, రెండు పిల్లులు. పడవ ఊగితే కక్కేస్తున్నాయి. ఏం చెయ్యాలన్నా?

జవాబు: గాలి ముదిరే నాలుగైదు గంటల ముందే తిండి ఆపు తమ్ముడూ, నీళ్లు ఉంచు. పిల్లుల బుట్ట పడవ ముక్కు వైపు వద్దు, ఊపు అక్కడే ఎక్కువ. తెరచాప స్తంభం మొదట్లో, కిందికి ఆనించి, రెండు పక్కలా తాడుతో బిగించు. లోపల గోనె పరిస్తే గోళ్లకు పట్టు దొరుకుతుంది.

మరో జవాబు: దొడ్డి పెట్టెలో గడ్డకట్టే మట్టి వాడకండి. ఒలికి పడవ అడుగున చేరే నీళ్లలో కలిస్తే బురదై, ఆ నీళ్లు తోడే పంపు పట్టేస్తుంది. లంగరు వేసినప్పుడు పక్కన నీళ్లదాకా పాత వల వేలాడదీయండి, పడినా పాక్కుంటూ ఎక్కుతాయి.

ఇంకొకరు: వాంతి మందు పశువుల డాక్టరు ఇచ్చిందే వెయ్యాలి. మన పారాసిటమాల్ పిల్లికి విషం. ఇదంతా ఈదురుగాలి వరకే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది గోపాలపూర్ దగ్గరే కదా! తుఫాను హెచ్చరిక వస్తే పిల్లులతో ముందురోజే ఒడ్డెక్కెయ్యండి.