గాజుపలక మీద ఇసుకతో యానిమేషన్ లఘుచిత్రం: ఒక్కరే తీయగలరా?

ప్రశ్న (చిత్రలేఖ)

నమస్కారం. హైదరాబాద్‌లో విదేశీ ధారావాహికలకు పనిచేసే ఒక యానిమేషన్ స్టూడియోలో ఉద్యోగం చేస్తున్నాను. కంప్యూటర్‌తో పనిలేకుండా, కెమెరా కింద గాజుపలక పెట్టి దాని మీద ఇసుకతోనో రంగుతోనో బొమ్మను కదిలించే పద్ధతిలో సొంతంగా ఐదు నిమిషాల లఘుచిత్రం తీయాలని ఉంది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 7,200 అవుతాయి. ఒక్కరి వల్ల అయ్యే పనేనా? మధ్యలో తప్పు దొర్లితే ఎలా సరిదిద్దుకుంటారు?

సమాధానం (ఇసుకపలక)

ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు తీయడం అందరూ చేసేదే కనుక మీ లెక్క 3,600 బొమ్మలకు దిగుతుంది. తప్పు విషయానికొస్తే, ఈ పద్ధతిలో సరిదిద్దుకోవడమనేది దాదాపు లేదు. యానిమేషన్ చిత్రకారిణి కరొలిన్ లీఫ్ హార్వర్డ్‌లో చదువుకునే రోజుల్లో, కింది నుంచి వెలుగు పడే గాజు మీద ఇసుక పరిచి, వేళ్లతో జరుపుతూ తన తొలి చిత్రాన్ని తీశారు. కొత్త బొమ్మ కావాలంటే పాత బొమ్మను చెరపవలసిందే కాబట్టి, వెనక్కి వెళ్లి దిద్దుకునే వీలు ఉండదు. వంకరపోయిన గీతను తరువాతి కదలికలో కలుపుకోవాలి. ఆమె 1976లో గాజు మీద రంగుతో తీసిన 'ద స్ట్రీట్'లో ఒక దృశ్యం కరిగి మరో దృశ్యంగా మారిపోయే తీరు చూడండి. ఆ ప్రవాహం కథకు తగిలించిన అలంకారం కాదని, పద్ధతిలోంచే పుట్టిందని నా అభిప్రాయం. అందుకే కథను ముందే బిగించేసి, తరువాత ఇసుకలోకి దింపాలని చూడకండి.

సమాధానం (పాతరీలు)

పై మాటలతో ఏకీభవిస్తాను, కానీ డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. 'ద స్ట్రీట్' కెనడా ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ఫిల్మ్ బోర్డులో తయారైంది. మన దేశం నుంచి వెళ్లిన ఇషూ పటేల్ పూసలను జరుపుతూ 1977లో తీసిన 'బీడ్ గేమ్' కూడా అక్కడిదే. రష్యా చిత్రకారుడు అలెగ్జాండర్ పెట్రోవ్ గాజు మీద తైలవర్ణాలను వేలికొసలతో అద్దుతూ 29,000కు పైగా బొమ్మలు వేసి తీసిన 'ద ఓల్డ్ మాన్ అండ్ ద సీ'కి 2000లో ఆస్కార్ వచ్చింది. ఆ ఇరవై నిమిషాల చిత్రానికి రెండేళ్లు పైనే పట్టింది, కుమారుడి సాయమూ, మూడు దేశాల నిర్మాణ భాగస్వామ్యమూ ఉన్నాయి. మీ పరిస్థితికి దగ్గరి ఉదాహరణ గీతాంజలి రావు. దర్శకత్వం, నిర్మాణం, యానిమేషన్ మూడూ తానే చేసుకున్న ఆమె పదిహేను నిమిషాల 'ప్రింటెడ్ రెయిన్‌బో' 2006లో కాన్ చలనచిత్రోత్సవంలోని క్రిటిక్స్ వీక్ విభాగంలో పురస్కారాలు అందుకుంది. అది గాజు మీద తీసినది కాదు. అయినా చూడండి. ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకండి.

సమాధానం (ఇసుకపలక)

అది న్యాయమైన మాటే. ఉద్యోగంతోపాటు చేయాలంటే ఒక దృశ్యం ఒక్క సెలవురోజులో ముగిసేలా కథను విడదీసుకోండి, ఎందుకంటే సగంలో వదిలిన ఇసుక వారం తరువాత అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. కిటికీకి మందపాటి తెర కట్టి, కెమెరాలో ఎక్స్‌పోజర్, ఫోకస్ రెండూ మాన్యువల్‌లో స్థిరపరచాలి. లేకపోతే పగటి వెలుగు మారినప్పుడల్లా బొమ్మ మినుకుమంటుంది. ఫ్యాన్ వేయకూడదు కాబట్టి మే నెలలో మొదలుపెట్టకపోవడం మంచిది. రంగు ఎంచుకుంటే జలవర్ణాల్లో కాస్త గ్లిజరిన్ కలపండి, త్వరగా ఆరిపోదు. ముందుగా ఇరవై సెకన్లు, అంటే 240 బొమ్మలు తీసి ఇక్కడ పెట్టండి, చూసి మాట్లాడుకుందాం.